చెవిటమ్మ తోటలో పదిహేడో సాలు

ముందు ఒక మాట సరిచేయాలి. పోయిన వేసవిలో పారిస్ నుంచి ఒక పత్రికావిడ వచ్చి మా ఒడిల్ గురించి పేజీన్నర రాసింది. పోయిన భర్త మీద ప్రేమ చంపుకోలేక, ఆయన వదిలేసిన ద్రాక్ష సాలును ఏటికేడు పొడిగించుకుంటూ పోతున్న ఇల్లాలట. ఫొటో కూడా వేసింది. అది చదివి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఒడిల్ గుమ్మంలో పూలు పెట్టి, కళ్లు తుడుచుకుని, కారెక్కి పోతున్నారు.

ప్రేమా లేదు, దోమా లేదు. ఒడిల్ ఆ సాలును పొడిగించింది భయంతో. ముప్పై ఏళ్లు ఆమె పక్క సాలులో నడుం వంచినదాన్ని నేను. ఆ పత్రికావిడ నన్ను ఒక్క ముక్క అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని.

మా కొండవాలు మీద ప్రతి తోట ముక్కకీ ఒక పేరుంది, ఒక గోడ ఉంది, ఒక రుచి ఉంది. వీటిలో చిన్నది లా సూర్ద్. సీసా మీద అలాగే ఉంటుంది. చెవిటావిడ అని అర్థం. నేనిక్కడ చెవిటమ్మ అనే అంటాను, నాకు నోరు తిరుగుతుంది. మూడువేల నాలుగువందల మొక్కలు, ఏడాదికి ఆరు పీపాల ఎర్ర వైన్, అంతే. చుట్టూ నడుమెత్తు రాతిగోడ. ఆ గోడ లోపలికి అడుగు పెడితే చాలు, గుడి గంట వినపడదు. గోడ బయట నిలబడితే గంట చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. లోపల పక్క సాలులోవాళ్లు పిలిచినా పెదాలు కదలడమే కనిపిస్తుంది. ఎందుకంటే ఎవరికి తెలుసు. నేల వంపు అంటారు చదువుకున్నవాళ్లు. నేను పద్నాలుగేళ్లకే బడి మానేశాను, నాకు వంపు కనిపించలేదు.

ఆ వైన్ కూడా అంతే. ఆరేడేళ్లు సీసాలో మాట్లాడదు. తాగినా ఏమీ చెప్పదు. ఆ తర్వాత ఒక రోజు నోట్లో పోసుకుంటే మొదట ఏమీ ఉండదు. కాసేపటికి, మన వెనకాల గదిలోకి ఎవరో వచ్చినట్టు ఉంటుంది.

ఒడిల్ మా వాలు పిల్ల కాదు. పెద్దరోడ్డుకు అవతలి మైదానం పిల్ల. వాళ్ల నాన్న రైలు గేటు వేసేవాడు. మా దగ్గర రోడ్డుకు ఇవతల పుడితే ద్రాక్ష, అవతల పుడితే బంగాళదుంప. పదిహేనేళ్లప్పుడు కోతలకు వచ్చిన రోజు నుంచి పెళ్లయ్యేదాకా ఆమెను అందరూ "దుంపపిల్లా" అనే పిలిచారు. ఆమె తిరిగి "దుంప తింటే కడుపు నిండుతుంది, మీ ద్రాక్ష తింటే ఏం నిండుతుంది" అనేది. నోరు అప్పటినుంచే అంత.

పంతొమ్మిదేళ్లప్పుడు ద్రాక్ష పిండే దూలం కింద ఎడమచేయి పడింది. వేళ్లు ఊడలేదు గాని, నాలుగూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. ఇప్పటికీ అంతే. ఆ చేత్తో చెంచా కూడా పట్టుకోలేదు. అయినా కుడిచేత్తో కత్తెర పట్టి మగవాళ్లతో సమానంగా కోసేది.

ఆమెను కట్టుకున్న ఫిర్మెన్ బ్రెస్సాన్ ఎడమచేతివాటం మనిషి. పెళ్లిలో అనాతోల్ అన్నాడు: "ఆమె కుడి, ఇతని ఎడమ. ఇద్దరూ కలిస్తే ఒక కూలీ." అనాతోల్ మా ద్రాక్ష రైతుల సంఘం పెద్ద, చెవిటమ్మ పక్క తోట అతనిది. ఏ పెళ్లికెళ్లినా ఏదో ఒకటి అనకుండా రాడు.

కత్తిరింపు గురించి ఒక్కటి చెప్పాలి. చలికాలంలో మొక్కకు పాత కొమ్మలన్నీ తీసేసి ఒకటో రెండో ఉంచుతాం. కోత ఎప్పుడూ వాలుగా ఉంటుంది. ఆ వాలు కత్తెర పట్టిన చేతిని బట్టి ఉంటుంది. అందరి కోతా ఒకవైపు వాలితే ఫిర్మెన్ కోత రెండోవైపు వాలేది. ఇరవై అడుగుల దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. వాలు మీద అలాంటి చేయి ఇంకొకటి లేదు.

ఇంకా, అతను కోసే ముందు ఆగేవాడు. మొక్కను చూసి, ఆగి, అప్పుడు కిట్టుమనిపించేవాడు. నెమ్మది మనిషి. ఒడిల్ నాలుగు సాళ్లు కోస్తే ఆయన మూడు.

అతను పోయింది జనవరి ఇరవై ఒకటిన. మర్నాడు ద్రాక్ష రైతుల్ని కాచే పునీత విన్సెంట్ పండగ. మా సంఘం విగ్రహం ఏడాదికొక ఇంట్లో ఉంటుంది. పాత ఇంటివాళ్లు ఊరేగింపుగా తెచ్చి కొత్త ఇంటివాళ్లకు అప్పగిస్తారు. ఆ ఏడు వంతు బ్రెస్సాన్ ఇంటిది. నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి. దుంపపిల్ల ఇంటికి పునీతుడు వస్తున్నాడంటే ఆమెకు అదెంతో మీకు తెలియదు. వారం రోజులు ఇల్లు కడిగింది. మూడు వందల చీజ్ బూరెలు కాల్చింది. విగ్రహానికి పీఠం వేయడానికి ఆ మధ్యాహ్నమే సంఘంవాళ్లు వస్తామన్నారు.

పదకొండుకి తోటకు వచ్చింది, చేతికి పిండి అలాగే ఉంది. నేను పదహారో సాలులో కోసిన కొమ్మలు ఏరి బండిలో కాలుస్తున్నాను. సగానికి కోసిన నూనె డ్రమ్ముకు చక్రం పెట్టి, అందులో మంట వేసుకుని తోసుకుపోతాం, చేతులు కాచుకోవడానికీ అదే. ఫిర్మెన్ పదిహేడో సాలు నడిమికి, నాకు చెయ్యందేంత దగ్గరికి వచ్చాడు; అంత దగ్గరైతేనే అక్కడ మాట వినపడుతుంది.

"ఇంకా ఎంతసేపు?" అంది ఒడిల్.

"ఈ సాలు అవనీ."

"పునీతుడు గుమ్మంలోకి వస్తున్నాడు. ఆయనకు నేనొక్కదాన్నే పీఠం ఎత్తాలా, ఈ చేత్తో?"

"మూడు వందల ఏళ్ల నుంచి నిలబడే ఉన్నాడుగా. ఇంకో గంట నిలబడితే కాళ్లు లాగుతాయా ఆయనకి?"

"నువ్వు ఈ చెవిటిదాన్నే కట్టుకోవాల్సింది."

"అది నోరెత్తదు. అదొక్కటే దాంట్లో సుఖం," అన్నాడు ఫిర్మెన్. నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను. అది తప్పయింది.

ఒడిల్ మొహం ఎర్రబడింది. "అయితే విను. ఈ సాలు అయ్యేదాకా ఇంటికి రాకు. ఆఖరి మొక్క కోశాకే నా గడప తొక్కు. అంతవరకూ ఆకలేసినా రావద్దు, చచ్చినా రావద్దు."

"సరే," అన్నాడతను.

ఆమె వెళ్లిపోయింది. నేను ఇంటికెళ్లి తిని రెండున్నరకు తిరిగొచ్చాను. ఫిర్మెన్ మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక చేయి మొక్క మొదట్లో ఉంది, ఎడమచేతిలో కత్తెర. మొక్కను ఏదో అడుగుతున్నట్టే ఉన్నాడు. బండిలో మంట ఇంకా ఉంది. గుండె ఆగి అప్పటికే గంట దాటిందన్నాడు డాక్టరు. సాలులో నలభై ఆరు మొక్కలు మిగిలాయి.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పనిలో పోయినవాడి సాలును సగంలో ఉంచం. మట్టి చేసేలోపు ఇరుగుపొరుగు వెళ్లి ముగిస్తారు, అప్పుడే శవపేటిక లేస్తుంది. మర్నాడు పండగ ఆపేసి అనాతోల్ తొమ్మిదిమందిని తీసుకుని చెవిటమ్మ దగ్గరికి వచ్చాడు. నలభై ఆరు మొక్కలంటే వాళ్లకు అరగంట పని. ఒడిల్ గోడ సందులో అడ్డంగా నిలబడింది.

"ఎవరూ ముట్టుకోవద్దు."

"పద్ధతి తల్లీ," అన్నాడు అనాతోల్. "ఫిర్మెన్ మాలో ఎంతమందికి ముగించాడో నీకు తెలియదా?"

"తెలుసు. ఆ సాలు ఆయనది. ఆయన చేస్తానన్నాడు."

దుఃఖంలో ఉంది పాపం అనుకుని వాళ్లు వెనక్కి పోయారు. అలా మా ఊళ్లో మొదటిసారి ఒక సాలు సగంలో ఉండగా మనిషిని పూడ్చారు.

పై జనవరిలో ఒడిల్, నేను మళ్లీ అదే తోటలో ఉన్నాం. ఒడిల్ పదహారు వరకూ కోసి, పదిహేడులో ఆయన ఆగిన చోటు నుంచి వదిలి, పద్దెనిమిదిలోకి పోయింది. వదిలేసిన మొక్కలు ఏడాదిలో పొదల్లా తయారయ్యాయి. నేను ఏరుకుంటూ వెళుతుంటే ఆ పొదల మొదట్లో మూడు మొక్కలు నున్నగా కోసి ఉన్నాయి. మొదట నేనేం అనుకోలేదు, చెయ్యి పెట్టి చూశాను. తడి.

జనవరి కోత ఎండుగా ఉంటుంది. మొక్కలో నీరు కిందికి దిగిపోయి నిద్రపోతుంది. మార్చి చివర మట్టి వేడెక్కాకే కోసిన చోట నీళ్లు కారతాయి, మేం దాన్ని మొక్క ఏడవడం అంటాం. ఆ రోజు నా టోపీ అంచున ఊపిరి గడ్డకట్టింది. ఆ మూడు మొక్కలూ బొట్లు బొట్లుగా ఏడుస్తున్నాయి. కోత వాలు రెండోవైపుకి ఉంది.

ఒడిల్‌ను చెయ్యూపి పిలిచాను. వచ్చింది. కుడిచేతి వేలితో కోతను తుడిచి, వేలిని గౌనుకు రాసుకుంది.

"మూడు," అంది. "నలభై మూడున్నాయి."

అప్పుడు నాకు ఆ లెక్క అర్థం కాలేదు.

రెండో చలికాలం తోట యజమాని మొసియో కోర్వెల్ వచ్చాడు. ల్యోన్‌లో ఉంటాడు, ఏడాదికి రెండుసార్లు బూట్లు పాడుచేసుకోవడానికి వస్తాడు. పొదలు చూసి "ఇదేమిటి మదాం బ్రెస్సాన్, నా చెవిటమ్మలో అడవి పెంచుతున్నారా?" అన్నాడు. ఒడిల్ "మీరే కోసుకోండి మొసియో" అంది. ఆయన ఇద్దరు కూలీలను పంపించాడు. వాళ్లు ఎనిమిది మొక్కలు కోసి మధ్యాహ్నం తిండికి వెళ్లారు, మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదంటే ఒకడు "ఎవరో మా వెనకే మళ్లీ కోస్తున్నారు" అన్నాడట. జూలైలో ఆ ఎనిమిదీ ఒకే వారంలో నిలువునా ఎండిపోయాయి. పచ్చని మొక్క అలా ఉన్నట్టుండి చావడం మా దగ్గర కొత్తేం కాదు, ఎక్కడో ఒకటి పోతుంటుంది. పక్కపక్కన ఎనిమిది మాత్రం ఎవరూ చూడలేదు.

కోర్వెల్ ఫోన్ చేసి, "ఆ సాలు జోలికి పోకండి. నాకు కారణాలు కూడా చెప్పకండి," అన్నాడు. చదువుకున్నవాడు, తొందరగానే అర్థం చేసుకున్నాడు.

ఆ తర్వాత ఏడాదికి మూడు. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఎప్పుడు జరుగుతుందో తెలియదు. పండగ ముందు ఒక పొద్దున చూస్తే ఉంటాయి.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. ఒడిలే పొద్దున్నే పోయి ఎడమచేత్తో కోసొస్తుందని. ఒక శుక్రవారం రొట్టెల బండి దగ్గర అందరం నిలబడ్డాం. అనాతోల్ ఊరుకోడు కదా.

"ఏమ్మా ఒడిల్, ఎడమచేత్తో బాగా సాధన చేస్తున్నావట?"

ఒడిల్ చేతితొడుగు పళ్లతో లాగి, ఆ చేతిని రొట్టెల బల్ల మీద పెట్టింది. ముడుచుకుపోయిన నాలుగు వేళ్లు, గోళ్లు అరచేతిలో దిగి ఉన్నాయి. "దీనికొక కత్తెర ఇవ్వు అనాతోల్. ఒక్క రెమ్మ కోసిందంటే నా ఇల్లు నీకు రాసిస్తా."

అనాతోల్ రొట్టె తీసుకుని వెళ్లిపోయాడు. చిల్లర కూడా మర్చిపోయాడు.

అతనే తర్వాత ఒక పొద్దున నా దగ్గరికి వచ్చి, "జినెట్, వాలు మీద ఎన్ని పొగలున్నాయో చెప్పు," అన్నాడు. జనవరిలో ప్రతి కోతగాడి బండి నుంచీ నీలంగా ఒక పొగ లేస్తుంది. పొగలు లెక్కపెడితే మనుషుల లెక్క తెలిసిపోతుంది. నేను లెక్కపెట్టాను. ఏడు. పనిలో ఉన్నది ఆరుగురం. ఏడోది చెవిటమ్మలోంచి లేస్తోంది. ఒడిల్ ఆ రోజు పంటినొప్పితో బోన్ పట్నం పోయింది, నేనే బస్సెక్కించాను.

ఇద్దరం వెళ్లాం. గోడ దాటగానే గంట ఆగిపోయింది, తొమ్మిది కొడుతుండగా ఆరు దగ్గర. పదిహేడో సాలు పక్కన రెండడుగుల మేర మంచు కరిగి నల్లమట్టి కనిపిస్తోంది. అనాతోల్ చెయ్యి పెట్టి చూసి వెనక్కి తీసుకున్నాడు. వేడిగా ఉంది. బూడిద లేదు, బొగ్గు లేదు. అప్పుడు విన్నాను. చెవిటమ్మలో ఏ చప్పుడూ వినపడదని చెప్పానుగా. ఇది వినపడింది. అయిదడుగుల దూరంలో. కిట్. తర్వాత ఆగింది. ఒక మనిషి మొక్కను చూసేంతసేపు ఆగింది. మళ్లీ కిట్.

నేను అలవాటుకొద్దీ "బోంజూర్, ఫిర్మెన్" అనేశాను. చప్పుడు ఆగిపోయింది.

అనాతోల్ ఆ రోజు నుంచి జనవరిలో తన తోట ఆ చివరకు రాడు. జోకులు మాత్రం మానలేదు, దూరం నుంచి వేస్తాడు.

ఇప్పుడు పొడిగింపు సంగతి. మా సాళ్ల చివర గోడకు ముందు నాలుగు గజాలు ఖాళీ నేల ఉంటుంది, వెనకట గుర్రం నాగలితో తిరగడానికి వదిలింది. అయిదేళ్ల కిందట మార్చిలో నేను కొమ్మలు వంచి తీగకు కడుతుంటే ఒడిల్ గునపం తెచ్చి ఆ ఖాళీలో తవ్వడం మొదలుపెట్టింది. ఆఖరి మొక్క పొడుగు రెమ్మను పట్టుకుని వంచమంది. నేను పట్టుకున్నాను. దాన్ని గుంటలో పడుకోబెట్టి, కొసన రెండు చిగురు కళ్లు పైకి ఉంచి, మట్టి తొక్కింది. మల్లెకు అంటు తొక్కినట్టే. తల్లి మొక్కను విడదీయకపోతే ఆ కొస కొత్త మొక్కై లేస్తుంది.

"ఇదెందుకే ఇప్పుడు?" అన్నాను.

"ఆయనకు పని ఉండాలి," అంది.

నేను కూడా ఆ పత్రికావిడలాగే కళ్లు తుడుచుకున్నాను. ఎంత ప్రేమో అనుకున్నాను. పై ఏడు ఇంకొకటి తొక్కింది, ఆ పై ఏడు ఇంకొకటి. నాలుగు తొక్కేసరికి గోడ వచ్చింది.

అసలు సంగతి మొన్న నవంబరులో తెలిసింది. పునీత మార్టిన్ పండగనాడు మధ్యాహ్నం ఆమె వంటింట్లో చెస్ట్‌నట్‌లు ఒలుస్తున్నాం. ఆమె ఒక్కచేత్తో నాకంటే వేగంగా ఒలుస్తుంది. ఉన్నట్టుండి కత్తి కింద పెట్టింది.

"మూడున్నాయి, జినెట్."

"ఏవి?"

"పదిహేడులో. ఈ చలికాలంతో అయిపోతాయి."

"ఇంకోటి తొక్కు."

"గోడ ఉంది."

"గోడ అవతల తొక్కు. కింద రంధ్రం చేసి రెమ్మ దూర్చేద్దాం, నేను పట్టుకుంటా."

"గోడ అవతల చెవిటమ్మ కాదు. అది ఊరి పేరుతో అమ్మే మామూలు వైన్," అంది ఒడిల్. "ఫిర్మెన్ ఊరి వైన్ మొక్కను ముట్టుకోడు. ఆ మొక్కను లెక్కలోకి తీసుకోడు. గోడ దగ్గర సాలు అయిపోయిందనుకుంటాడు."

నాకు ఇందులో వింతేం కనిపించలేదు. ఎవరైనా అంతే అనుకుంటారు. "పోనీ ఆ ఎనిమిది చచ్చిన చోట?" అన్నాను.

"మూడుసార్లు తొక్కాను. మూడుసార్లూ కుళ్లింది."

"అయితే అవనీ. పాపం, ఆయన పనయినా ముగుస్తుంది."

అప్పుడు నా వైపు చూసింది. ఇన్నేళ్లలో ఆ చూపు నేను చూడలేదు. "ముగిస్తే ఏం చేస్తాడో నీకు గుర్తులేదా? నువ్వు అక్కడే ఉన్నావుగా. నవ్వావు కూడా."

నాకు గుర్తొచ్చింది. ఆఖరి మొక్క కోశాకే నా గడప తొక్కు.

"ఆయన మాటంటే మాటే మనిషి," అంది ఒడిల్. "సరే అన్నాడు. అనాతోల్ వాళ్లు సాలు ముగిస్తామని వచ్చిన రోజు ఆయన మా ముందుగదిలో పెట్టెలో ఉన్నాడు. వాళ్లు ఆఖరి మొక్క కోసిన నిమిషాన లేచి కూర్చుంటాడనిపించింది. అందుకే అడ్డం పడ్డాను. మీరంతా ఏడుపు అనుకున్నారు. తర్వాత మూడు మూడు చొప్పున వస్తుంటే రోజూ లెక్కే. ఇంకా ఎన్నేళ్లుంది, ఇంకా ఎన్నేళ్లుంది అని. పదకొండు మొక్కలకు వచ్చేసరికి ఓర్చుకోలేకపోయాను. గునపం తీసుకున్నాను."

"భయమా, ఆయనంటే?"

"ఆయనంటే కాదు. ఏ మొహంతో వస్తాడో అని. నేను ఏ మొహంతో తీస్తానో అని." ఆమె ముడుచుకున్న చేతిని ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో కప్పుకుంది. "చలిలో నిలబెట్టాను జినెట్. పద్నాలుగేళ్లు. అది చాలక దొంగలాగా నాలుగు మొక్కలు కూడా కలిపాను. ఎవరైనా కూలీకి అలా చేస్తే ఊరంతా కలిసి తిడతాం."

"అనాతోల్‌తో ఆ మూడూ కొట్టించేద్దామా, వేళ్లతో సహా?" అన్నాను.

"వద్దు. ఇక వద్దు. ముగించనీ."

"వస్తే?"

"తలుపు తీస్తా."

"ఎలా వస్తాడో తెలియదు గదే, పిచ్చిదానా."

"తెలియదు. ఆకలితో వస్తాడు, అదొక్కటే తెలుసు." కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఆ రోజు నువ్వు నా దగ్గరుంటావా?" అంది. ఒడిల్ బ్రెస్సాన్ ఎవరినీ ఏదీ అడగదు. నేను ఉంటానన్నాను. పునీతుడి మీద ఒట్టేశాను.

డిసెంబరు మొదటివారంలో నేలమాళిగ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు దీజోన్‌లో మా చెల్లెలి ఇంట్లో, రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాను. బాత్రూమ్‌కు పోవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఏప్రిల్ దాకా మెట్లు దిగనివ్వనన్నాడు డాక్టరు.

ఒడిల్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. నేను లేనని కోప్పడలేదు. "తుంటి నీదీ, చెయ్యి నాదీ. మనల్ని కలిపినా ఇక కూలీ రాదు," అంది. జనవరి రెండో ఆదివారం, "ఒకటి కోశాడు. వెళ్లి చూసొచ్చాను," అంది. పోయిన ఆదివారం, "రెండయ్యాయి. గోడ పక్కది ఒక్కటే ఉంది," అంది. గొంతులో భయం లేదు. ఏదో పండగకు పనులు చక్కబెట్టుకుంటున్నదాని గొంతు. ముందుగది గచ్చు కడిగిందట. ఆయన కోటు అల్మారాలోంచి తీసి పొయ్యి దగ్గర ఆరేసిందట, తేమ పోవాలని. ఇంకా ఏదో చెప్పబోయి, "తర్వాత చెప్తాలే," అంది.

బుధవారం నుంచి ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

అనాతోల్‌కు ఫోన్ చేశాను. "జనవరి అయ్యాక పోతా జినెట్, ఇప్పుడు ఆ గడప తొక్కను," అన్నాడు. తొంభై కిలోల మగాడు. రొట్టెల బండామె మాత్రం ఒక ముక్క చెప్పింది. బుధవారం పొద్దున ఒడిల్ వచ్చి రొట్టెలు రెండు కొనుక్కుందట. పద్నాలుగేళ్లుగా ఆమె ఒకటే కొంటుంది, అదే రెండు రోజులొస్తుంది. "ఎవరైనా చుట్టాలొచ్చారా మదాం?" అని అడిగితే, "ఇంకా లేదు," అందట. శుక్రవారం బండి వచ్చినప్పుడు ఒడిల్ రాలేదు. హారన్ కొట్టినా రాలేదు.

అందుకే ఇది రాయించాను. మా చెల్లెలి కూతురు రాసిపెట్టింది, తప్పులుంటే దానివి. మీలో ఎవరైనా ఈ రోజుల్లో మా వైపు వెళితే, బోన్ దాటాక పెద్దరోడ్డు దిగి కొండ మీదికి తిరగండి. చెవిటమ్మ గోడ మీద పేరు చెక్కి ఉంటుంది. పదిహేడో సాలు చివర, గోడకు ఆనుకుని చిన్న మొక్క ఉంటుంది. అది కోసి ఉందో పొదలా ఉందో చూడండి. చెయ్యి పెట్టొద్దు, చూస్తే చాలు. తర్వాత కిందికి దిగి, గుడి వెనక సందులో మూడో ఇల్లు, నీలం తలుపు తట్టండి. పూలు తీసుకెళ్లొద్దు. జినెట్ పంపిందని చెప్పండి. ఆమె తలుపు తీస్తే, తిన్నావా అని అడగండి, చేతులు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టుకుని చూడండి. లోపలికి రమ్మంటే వెళ్లండి, కూర్చోండి. ఆ తర్వాత నాకొక్క ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పండి.